కొత్త గిటారు ఇంటికొచ్చాక

పాఠకుల ప్రశ్నలు – గిటారు మాస్టారి జవాబులు

దీపావళి వెళ్లాక నాకొచ్చే ఉత్తరాల్లో ఏటా ఒకటే మాట: "కొత్త గిటారు కొన్నాను మాస్టారూ, కానీ..." ఈసారి అలాంటివి పదిహేను దాకా వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలు కలిపేసి ఐదింటికి జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు పడుతుంది. మిగతావాళ్లు కూడా అది చదివాకే తమ జవాబు చూసుకోండి.

*

"మాస్టారూ, నాకు 47 ఏళ్లు. కాకినాడలో బ్యాంకు ఉద్యోగం. మా అబ్బాయి చదువుకి వెళ్తూ వదిలేసిన పాత గిటారు మీద రెండేళ్లుగా నేర్చుకుంటున్నాను. మొన్న అరియర్స్ వస్తే విశాఖ వెళ్లి, సాలిడ్ స్ప్రూస్ పైపలక (ప్లై కాకుండా అసలు స్ప్రూస్ కర్రది) ఉన్న పెద్ద గిటారు, డ్రెడ్‌నాట్ అంటారే, అది కొన్నాను. షాపులో అబ్బాయి వాయిస్తుంటే ఒళ్లు పులకరించింది. ఇంటికొచ్చి నేను వాయిస్తే అందులో సగం కూడా పలకట్లేదు. మావారు మార్చేసి ఇంకోటి తెచ్చుకోమంటున్నారు. షాపువాళ్లిచ్చిన గడువు ఇంకా వారం ఉంది. మార్చెయ్యనా?"

అమ్మా, వారం ఉంది కదా, ఆ వారం మొత్తం వాడుకుందాం. ఏడో రోజున మీరే చెబుతారు మార్చాలో వద్దో.

షాపులో మీరు గిటారుకి ఎదురుగా నిలబడి విన్నారు. ఇంట్లో దాని వెనకాల కూర్చుని వింటున్నారు. తేడా మొదట అక్కడుంది. గిటారు ముందుకి పాడుతుంది. లావు శబ్దం నాలుగు వైపులా పాకుతుంది గానీ, సన్నటి మెరుపులాంటి శబ్దం ఎక్కువగా ఎదుటివాళ్లకే అందుతుంది. ఒళ్లో పెట్టుకున్న మనిషికి అందేది తక్కువ. ఇంకోటి, మీరు పడకగదిలో వాయిస్తున్నట్టున్నారు. పరుపులు, దిండ్లు, కర్టెన్లు శబ్దాన్ని తాగేస్తాయి. హాల్లో ఏమీ తగిలించని గోడ చూసుకుని, దానికి రెండడుగుల దూరంలో గోడవైపు మొహం పెట్టి కూర్చుని వాయించండి. ముందుకెళ్లిన శబ్దం గోడకి తగిలి మీ చెవికే తిరిగొస్తుంది. మా ఇంట్లో కొత్త గిటారు ఏదొచ్చినా నేను మొదట కూర్చునేది వంటింటి గోడ దగ్గరే.

షాపు అబ్బాయి పిక్‌తో, అంటే తీగలు మీటే చిన్న బిళ్లతో, గట్టిగా కొట్టి వాయించి ఉంటాడు. మీరు వేళ్లతో, పైగా పాత గిటారుకి అలవాటైన వేళ్లతో వాయిస్తున్నారు. పాత గిటారు ఎంత గట్టిగా మీటితే పలికేదో మీ కుడిచేతికి గుర్తుండిపోయింది. ఈ గిటారుకి కావలసిన బరువు వేరు. ఎంత బరువో అది చెప్పేదాకా చెయ్యి వెతుక్కోవాలి, తప్పదు. తీగల సంగతి కూడా చూసుకోండి. షాపులో నెలల తరబడి వేలాడిన గిటారుకి వచ్చినవాళ్లందరి చేతి చెమటా పట్టి ఉంటుంది. గిటారుని తప్పుపట్టే ముందు కొత్త తీగల సెట్టు వెయ్యండి. ఫాస్ఫర్ బ్రాంజ్, 12 నుంచి 53 సైజు, దాన్నే 'లైట్' అంటారు. కొన్ని వందల రూపాయల పని. మొదటి రెండు మూడు రోజులు గలగలమంటాయి, తర్వాత సర్దుకుంటాయి. ఆ సర్దుకున్న శబ్దమే మీరు లెక్కలోకి తీసుకోవలసింది.

ఇక ఈ వారం పాటలు వద్దమ్మా. పాట మొదలుపెడితే చెవి పాట వెంట పోతుంది, గిటారు వినబడదు. ఇంట్లో టీవీ ఆగాక కూర్చోండి. ఆరో తీగ, అంటే అన్నిటికన్నా లావుగా పైన ఉండేది, బొటనవేలి కండతో ఒక్కసారి మీటి వదిలెయ్యండి. శబ్దం పూర్తిగా పోయేదాకా చెయ్యి కదపకండి. మొదట ఒక దెబ్బ వినిపిస్తుంది, వెంటనే లావు శబ్దం, అది సన్నబడుతున్నకొద్దీ అందులోంచి పైస్థాయి పంచమంలాంటిది ఒకటి తేలి పైకొస్తుంది. మనసులో అంకెలు లెక్కపెట్టండి. ఎన్ని అంకెల దాకా వినబడిందో నోటుబుక్కులో రాయండి. మొదటి మెట్టు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు, ఫ్రెట్లు అంటారు) మీద నొక్కి మళ్లీ అదే పని. రెండు, మూడు, అలా పన్నెండో మెట్టు దాకా. ఒక రాత్రికి ఒక తీగ చాలు. ఆరు రాత్రుల్లో ఆరు తీగలూ అవుతాయి. నేను విశాఖలో 24 ఏళ్లుగా నేర్పుతున్నాను. ఈ పని ఓపిగ్గా చేసిన విద్యార్థి ఎవరూ తర్వాత ఆ గిటారుని పోల్చుకోలేకపోవడం నేను చూడలేదు. కళ్లు మూసి పది గిటార్లు వినిపించినా తమది ఇదని చెప్పేస్తారు.

కుడిచేతిని కూడా ఒకచోట కట్టెయ్యకండి. అదే తీగని బ్రిడ్జ్, అంటే పైపలక మీద తీగలు బిగించిన కర్ర పట్టీ, దాని పక్కన మీటండి, పలుచగా, కొంచెం కరుగ్గా వస్తుంది. రంధ్రం మీదకి రండి, గుండ్రంగా అవుతుంది. ఇంకా ముందుకి, మెట్లు మొదలయ్యే చోటుకి వెళ్లండి, తేనెలా మెత్తబడుతుంది. ఈ మూడింటి మధ్య ఎక్కడో, ఒక్క అంగుళం మేర, ఈ గిటారు గొంతు విప్పి పలికే చోటుంటుంది. అన్ని గిటార్లకీ అది ఒకేచోట ఉండదు. మీ పాత గిటారుకి అలవాటైన చోటే ఇప్పుడూ మీటుతున్నారేమో, నాకా అనుమానం గట్టిగా ఉంది.

ఇప్పుడు మీవారు మార్చేయమంటున్నారన్నారు కదా, ఆయనతో ఒక పని ఉంది. గిటారు పెట్టెలో ఉన్న గాలికి సొంత స్వరం ఒకటుంటుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే బుయ్యిమన్నట్టే. ఈ పెద్ద గిటార్లలో అది సెకనుకి దాదాపు 100 కంపనాల దగ్గర ఉంటుంది. మీ గొంతు అంత కిందికి దిగదు, మగగొంతు దిగుతుంది. ఆయన్ని రంధ్రం దగ్గర నోరు పెట్టి, పెదాలు మూసి, 'మ్...' అని కిందస్థాయి నుంచి నెమ్మదిగా పైకి జార్చమనండి. మీ అరచెయ్యి వెనక పలక మీద ఆనించి ఉంచండి. ఒక స్వరం దగ్గర పెట్టె ఉన్నట్టుండి జలదరిస్తుంది, చేతికి తెలిసిపోతుంది. ఆ స్వరం ఏమిటో, శృతి చూపించే ట్యూనర్‌లో చూసి రాసిపెట్టుకోండి. మీరు కూడా అనండి, దానికి ఇంచుమించు పైస్థాయిలో, 200 దగ్గర, పైపలక తనంత తాను ఊగే చోటొకటి దొరుకుతుంది. ఈ రెండు స్వరాలూ తెలిస్తే ఆ గిటారు స్వభావం సగం తెలిసినట్టే.

నచ్చకపోవడం వేరు, లోపం వేరు. లోపం ఉంటే మొహమాటపడకుండా మార్చండి. పన్నెండో మెట్టుకి సరిగ్గా పైన తీగని నొక్కకుండా వేలు తాకించి మీటితే ఒక స్వరం వస్తుంది. అదే మెట్టు మీద నొక్కి మీటితే వచ్చేది కూడా అదే స్వరం కావాలి. ట్యూనర్‌లో రెండింటికీ తేడా కొట్టొచ్చినట్టు ఉంటే, అదీ ఆరు తీగలకీ ఉంటే, వెనక్కిచ్చెయ్యండి. బ్రిడ్జ్ వెనక అంచు కిందికి కాగితం ముక్క దూరుతుంటే అది ఊడుతోందన్నమాట. ఆరు తీగలూ కలిసి దాదాపు 70 కిలోల బరువుతో లాగుతుంటాయి, ఆ లాగుడంతా మూడు మిల్లీమీటర్లు కూడా మందం లేని పలక మీద పడుతుంది. కాబట్టి అలాంటిది కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకండి. ఇవేవీ లేకపోతే ఏడో రోజు దాకా ఉంచండి.

*

"మాస్టారుగారికి నమస్కారం. తెనాలిలో డిగ్రీ చదువుతున్నాను. చిన్నప్పటి నుంచి కర్ణాటక గాత్రం నేర్చుకున్నాను. నాలుగు నెలల క్రితం గిటారు కొనిపెట్టారు. ట్యూనర్ పెట్టి ఎంత కచ్చితంగా శృతి చేసినా మేజర్ కార్డ్ (స, గ, ప కలిపి ఒకేసారి) వాయిస్తే గాంధారం పైకి పోయినట్టు చెవిలో గుచ్చుకుంటోంది. మా గిటారు సారు నీ భ్రమ అంటున్నారు. నా చెవి తప్పా, గిటారు తప్పా?"

నీ చెవి తప్పు కాదు తల్లీ. గిటారుది కూడా కాదు. నీకు వినబడుతున్నది నిజమే. ఎంత నిజమో నీ గిటారు మీదే చూపిస్తాను.

తంబూరా దగ్గర కూర్చుని పెరిగిన చెవి నీది. మంద్ర షడ్జం తీగ మోగుతుంటే అందులోంచి ఎవరూ మీటకుండానే గాంధారం వినిపిస్తుంది, నీకు తెలుసు. దాన్నే స్వయంభూ గాంధారం అంటారు. శంకరాభరణంలో నువ్వు పాడే అంతర గాంధారం దానికే అతుకుతుంది. గిటారు మెట్లు వేసే లెక్క వేరు. స నుంచి పైస్థాయి స దాకా పన్నెండు సమాన భాగాలు చేసి మెట్లు కొట్టారు. ఆ మొత్తాన్ని 1200 సెంట్లు అనుకుంటే ఒక్కో మెట్టు 100. గిటారు గాంధారం 400 దగ్గర పడుతుంది, తంబూరా గాంధారం 386 దగ్గర. ఆ 14 సెంట్లే నీ చెవిలో గుచ్చుకుంటున్నాయి. పంచమానికి తేడా రెండు సెంట్లే, అందుకే ప నిన్ను బాధించదు.

ఇప్పుడు గిటారు తీసుకో. ఆరో తీగనీ మొదటి తీగనీ ట్యూనర్‌తో నిక్కచ్చిగా శృతి చెయ్యి. ఆరో తీగ మీద నాలుగో మెట్టు ఉంది కదా, దానికి నాలుగు మిల్లీమీటర్లు ఇవతల, అంటే తీగలు చుట్టే తల వైపు, వేలి కొసతో తీగని తాకీ తాకనట్టు పట్టుకుని బ్రిడ్జ్ దగ్గర మీటి వేలు తీసెయ్యి. మొదట్లో రాదు, అర మిల్లీమీటరు అటూ ఇటూ జరుపుతూ వెతుకు. గంటలాంటి సన్నటి స్వరం ఒకటి పలుకుతుంది. అది నీ తంబూరా గాంధారమే, సెకనుకి 412 కంపనాలు. అది మోగుతుండగానే మొదటి తీగ నాలుగో మెట్టు మీద నొక్కి మీటు. అది గిటారు గాంధారం, 415. రెండూ కలిసి మోగితే సెకనుకి మూడుసార్లు అలలా 'వావ్ వావ్ వావ్' అని ఊగుతుంది. మీ సారుకి కూడా వినిపించు. ఆయన చెవి గిటారుతో పెరిగింది, నీ చెవి తంబూరాతో పెరిగింది. ఆ అల మాత్రం ఇద్దరికీ ఒకేలా వినిపిస్తుంది.

వీణ మీద ఈ బాధ తక్కువ. మెట్లు మైనంలో నిలబెడతారు, మేళం కట్టేవాళ్లు చెవితో వింటూ వెంట్రుకవాసి జరుపుతారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రతో వీణలు చేసేవాళ్లు మేళం కడుతుంటే ఒక పూటంతా కూర్చుని చూశాను. మైనం గోరువెచ్చగా ఉండగా మెట్టుని బొటనవేలితో నొక్కి, మీటి విని, మళ్లీ నొక్కి, మళ్లీ విని... ఆ సౌకర్యం గిటారుకి లేదు. మెట్టు కర్రలో దిగగొట్టేశారు, ఇక కదలదు. బదులుగా ఏ మెట్టు దగ్గర మొదలుపెట్టినా అన్ని శృతుల్లోనూ ఒకేలా పలుకుతుంది.

ఒక్క జాగ్రత్త చెబుతాను. 'ఈ మేజర్' కార్డులో ఆరో తీగ నుంచి మొదటి తీగ దాకా వరసగా స, ప, స, గ, ప, స ఉంటాయి. ఆ గ మూడో తీగ మీదుంది. నీలాంటి మంచి చెవి ఉన్నవాళ్లు ఆ మూడో తీగని కాస్త దించి కార్డుని తియ్యగా చేసుకుంటారు. హాయిగా ఉంటుంది. తర్వాత 'సి' కార్డు వేస్తే అదే మూడో తీగ పంచమం అవుతుంది, దిగిపోయిన పంచమం నువ్వు అస్సలు భరించలేవు. కాబట్టి తీగల్ని ట్యూనర్ చెప్పినచోటే ఉంచు. ఒంటిస్వరాలు వాయించేటప్పుడు తీగని పక్కకి లాగి గమకం పెట్టుకోవచ్చు, అక్కడ నీ చెవికి పూర్తి స్వేచ్ఛ. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు జంట తీగల మాండలిన్‌ని ఐదు ఒంటి తీగల వాయిద్యంగా మార్చుకుని మెట్ల మీదే మన రాగాలన్నీ పలికించారు. ఆయన వాయించిన శంకరాభరణంలో గాంధారం ఎక్కడ నిలుస్తోందో విను. మెట్టు మీద కాదు, మెట్ల మధ్య ఆయన వేలు తీసుకెళ్లినచోట నిలుస్తుంది.

*

"సార్, హైదరాబాద్ కొండాపూర్‌లో ఉంటాను. మే నెలలో కొత్త గిటారు కొన్నాను. వారం తిరక్కుండానే మెట్ల మీద తీగలు జిర్రుమనడం మొదలైంది. వానలు పడ్డాక దానంతట అదే పోయింది. ఇప్పుడు చలి మొదలయ్యాక మళ్లీ వచ్చింది. దగ్గర్లో ఒకాయన మెట్లు అరగదీస్తే పోతుందంటున్నారు. ఇచ్చెయ్యనా?"

ఇవ్వకు తమ్ముడూ. వానలకి పోయి చలికి తిరిగొచ్చిందని నువ్వే రాశావు, రోగం ఏమిటో ఆ ఒక్క మాటలోనే ఉంది. కర్ర గాలిలో తడిని పీలుస్తుంది, వదులుతుంది. తడి ఎక్కువైతే పైపలక పొంగి బ్రిడ్జ్‌తో పాటు తీగలు లేస్తాయి. తడి తగ్గితే పలక దిగుతుంది, తీగలు మెట్లకి తగులుతాయి. హైదరాబాద్ ఎండాకాలం బాగా పొడి, చలికాలంలోనూ వానల నాటి తడి ఉండదు, దానికి తోడు నీ గదిలో ఏసీ ఉండి ఉంటుంది.

ఈ విషయంలో నాకు జరిగింది చెబుతాను. 1998లో రెండేళ్లు డబ్బు కూడబెట్టి నా మొదటి మంచి గిటారు కొన్నాను. మా ఇల్లు సముద్రానికి కిలోమీటరు లోపే. శ్రావణమాసం వచ్చేసరికి తీగలు ఎత్తుగా లేచిపోయి వేళ్లు కోసుకుపోయేవి. ఒక రిపేరు దుకాణంలో ఇచ్చాను. నన్ను అడక్కుండా శాడిల్, అంటే బ్రిడ్జ్ మీద తీగలు ఆనే తెల్లటి ఎముక పట్టీ, అరగదీసేశారు. చేతికి హాయిగా ఉంది, సంతోషించాను. సంక్రాంతి నాటికి గాలి ఆరింది. పొంగిన పలక దాని చోటుకి అది వచ్చేసింది. అరగదీసిన ఎముక మాత్రం తిరిగి పెరగదు కదా. ఐదో మెట్టు నుంచి పైకి ఒక్క స్వరం శుభ్రంగా లేదు. ఇంట్లో పెళ్లి, నేను వాయించాల్సిన రోజు, గిటారు జిర్రుమంటూనే ఉంది. ఆ రోజు పడ్డ బాధ ఇప్పటికీ మర్చిపోలేను. అందుకే ఏ విద్యార్థికైనా చెబుతాను: సంవత్సరం తిరిగి అన్ని కాలాలూ చూసేదాకా కొత్త గిటారు మీద ఆకురాయి పడనివ్వొద్దు.

నువ్వు చేయాల్సింది ఇది. గాలిలో తడి చూపించే చిన్న డిజిటల్ మీటరు కొని గిటారు దాచుకునే కేసులో పెట్టు. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే గిటారు సుఖంగా ఉంటుంది. 35కి దిగితే పలక పగిలే ప్రమాదం ఉంది. రంధ్రాలు పెట్టిన సబ్బుపెట్టెలో తడిపి గట్టిగా పిండిన స్పాంజి పెట్టి, గిటారు తల పక్కన ఉంచి కేసు మూసెయ్యి. వారానికి రెండుసార్లు చూసుకో. నీళ్లు మాత్రం కారకూడదు. గోడకి తగిలించడం, ఏసీ గాలికి ఎదురుగా స్టాండు మీద పెట్టడం మానెయ్యి. పది పదిహేను రోజులకి పలక లేస్తుంది. అప్పుడు పన్నెండో మెట్టు దగ్గర స్టీలు స్కేలుతో కొలువు. ఆరో తీగ కింద రెండున్నర మిల్లీమీటర్లు, మొదటి తీగ కింద రెండుకి కాస్త తక్కువ ఉంటే చాలా బాగున్నట్టు. అప్పటికీ జిర్రుమంటే ట్రస్ రాడ్, అంటే మెడ లోపలుండే కడ్డీ, దాని సంగతి చూడాలి. ఆరో తీగని మొదటి మెట్టు దగ్గరా పద్నాలుగో మెట్టు దగ్గరా ఒకేసారి నొక్కి, ఏడో మెట్టు పైన సందు చూడు. విజిటింగ్ కార్డు దూరేంత ఉండాలి. అసలు సందే లేకపోతే తెలిసినవాళ్లతో రాడ్ కొంచెం వదులు చేయించు. ఒకేసారి పావు చుట్టుకి మించి తిప్పనివ్వకు. తిప్పాక ఒక రోజు ఆగి చూడాలి.

*

"మాస్టారూ, రాజమండ్రిలో ఇంటర్ చదువుతున్నాను. సాలిడ్ టాప్ గిటారు వాయించగా వాయించగా 'తెరుచుకుంటుంది' అంటారు. ఎన్నాళ్లు పడుతుంది? స్పీకరు ముందు పెడితే తొందరగా అవుతుందా?"

మొదటి ఆరు నెలల్లో తేడా వస్తుంది బాబూ, నా చెవికి ప్రతిసారీ తెలిసింది. ఆ ఆరు నెలల్లో తీగలు రెండుసార్లు మారతాయి, నీ వేలికొసలు గట్టిపడతాయి, ఎక్కడ మీటాలో నీకు తెలుస్తుంది. అందులో పలక వాటా ఎంత, నీ వాటా ఎంత అని విడదీయలేం. పొరలు అతికించిన ప్లై పలక ఉన్న గిటారుకి పలక వాటా దాదాపు ఉండదు, నీ వాటా మాత్రం అంతే ఉంటుంది. స్పీకరు ముందు పెడితే నీ వాటా జరగదు. రోజూ అరగంట నువ్వే వాయించు.

*

"నమస్తే అండీ. మాది గుంటూరు, డాలస్‌లో ఉంటున్నాం. మా అమ్మాయికి కొన్న గిటారు లోపల చీటీ మీద వెనక పలక 'ఇండియన్ రోజ్‌వుడ్' అని ఉంది. ఇది మన దగ్గర తలుపులకీ మంచాలకీ వాడే జిట్రేగేనా? శబ్దంలో దాని ప్రత్యేకత ఏమైనా ఉందా?"

ఆ జిట్రేగేనండి. ఇరుగుడు అని కూడా అంటారు. ఒకప్పుడు అమెరికా గిటార్లకి బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడేవారు. అది దొరకడం కష్టమయ్యాక 1969లో మార్టిన్ కంపెనీ మన దేశపు కర్రకి మారింది, మిగతావాళ్లూ అదే దారి పట్టారు. 1992లో బ్రెజిల్ కర్ర వ్యాపారం మీద అంతర్జాతీయ ఆంక్ష పడింది. 2017లో మన జిట్రేగి జాతి మొత్తానికి దేశం దాటేటప్పుడు పత్రాలు తప్పనిసరి చేసి, తయారైపోయిన వాయిద్యాలకి మాత్రం 2019లో సడలించారు. కాబట్టి సెలవులకి గుంటూరు తెచ్చుకునేటప్పుడు దాని గురించి భయం అక్కర్లేదు.

పాప చేత మధ్య తీగ ఒకటి మీటించి, మీరు చెవి వెనక పలకకి ఆనించి వినండి. శబ్దం ఆగిపోయిందనుకున్నాక కూడా లోపల సన్నగా సాగుతూ ఉంటుంది. ఈ కర్ర గుణం అది, బరువైనది, మోగింది మోగినట్టే చాలాసేపు పట్టి ఉంచుతుంది. మహాగని పలక అయితే స్వరం ముందు స్పష్టంగా పలికి త్వరగా ఆగుతుంది. పాట పాడుతూ వాయించే పిల్లలకి కొందరు మహాగనే మేలంటారు, నేనూ ఒప్పుకుంటాను. కానీ చేతిలో ఉన్నది మన నేల కర్ర, దాని మీద నేర్చుకోనివ్వండి. డాలస్ చలికాలంలో ఇంట్లో హీటరు తిరుగుతుంది కనుక కొండాపూర్ తమ్ముడికి చెప్పిన సబ్బుపెట్టె, స్పాంజి మీకు కూడా వర్తిస్తాయి.

*

ఈ పేజీ ప్రెస్సుకి పంపే ముందు కాకినాడ అమ్మగారి జవాబు ముందే ఉత్తరంలో పంపాను, ఆవిడ గడువు దాటిపోతుందని. నిన్న తిరుగు ఉత్తరం వచ్చింది.

"మాస్టారూ, మావారు మొదట నవ్వారు. తర్వాత రంధ్రం దగ్గర వంగి 'మ్...' అని జార్చుతుంటే ఒకచోట నా అరచేతి కింద పలక ఝుమ్మంది. ఆయనే బెదిరి తల వెనక్కి తీసుకున్నారు. మళ్లీ పెట్టి నాలుగుసార్లు అన్నారు. ట్యూనర్‌లో జి అనే స్వరం చూపించింది. గోడ ముందు కూర్చున్నాక శబ్దం నాకిప్పుడు అందుతోంది. గిటారు ఉంచేసుకుంటున్నాను. నోటుబుక్కు రాస్తుంటే ఒక సందేహం. ఆరో తీగ మూడో మెట్టు దగ్గర బాంబులా మోగి తొందరగా పోతోంది. రెండో మెట్టు, ఐదో మెట్టు అంత గట్టిగా లేవు గానీ ఎక్కువసేపు ఉంటున్నాయి. ఇది లోపమా?"

లోపం కాదమ్మా. ఆరో తీగ మూడో మెట్టు మీద పలికేది జి, సెకనుకి 98 కంపనాలు. మీవారి గొంతుకి పెట్టె ఝుమ్మన్నది కూడా ఆ స్వరానికే. తీగ స్వరమూ పెట్టెలో గాలి స్వరమూ ఒకటైనప్పుడు తీగలో ఉన్న బలాన్నంతా పెట్టె గబగబా బయటికి తోసేస్తుంది. అందుకే గట్టిగా మోగుతుంది, అందుకే త్వరగా ఆగుతుంది. రెండో మెట్టు మీద అంత గట్టిగా తోసేవాళ్లు లేరు, తీగ తన బలాన్ని దాచుకుని నిదానంగా ఖర్చు పెడుతుంది. మీరు జి కార్డు వేసినప్పుడు ఆ ఒక్క స్వరం దగ్గర బొటనవేలి బరువు సగం తగ్గించండి, కార్డు సమంగా వినిపిస్తుంది.

అనుమానం ఉంటే పోస్టుకార్డుతో రంధ్రం సగం మూసి ఆయన్ని మళ్లీ అనమనండి. రంధ్రం చిన్నదైతే పెట్టె స్వరం కిందికి దిగుతుంది. ఆయన జి దగ్గర ఎంత అన్నా ఝుమ్మనదు, ఇంకా కిందికి వెతుక్కోవాలి. ఎక్కడ దొరికిందో చూసి, పోస్టుకార్డు అలాగే ఉంచి ఆరో తీగని మూడో మెట్టు మీద నొక్కి మీటండి. ఆ బాంబు ఉండదు.